గాదె గుమ్మంలోని గ్లూకాగాన్ గ్రాహకం గారికి

మహారాజశ్రీ గ్రాహకం గారి సముఖమునకు,

మీ కాలేయపు గాదెకు మూడు పూటలా సరుకు మోసే కూలివాడు వ్రాసుకొను విన్నపము. నిన్న రాత్రి ఎనిమిదింటికి రెండు జొన్నరొట్టెలు, కాస్త బీరకాయ కూర తిని పడుకున్నాను. పొద్దున ఏడింటికి, మంచినీళ్లు తప్ప మరేమీ ముట్టకుండా వేలికి సూది పొడుచుకొని చూస్తే మీటరు మీద 148 వెలిగింది. పదకొండు గంటలు నోరు కట్టుకున్నవాడి నెత్తుట్లోకి ఇంత చక్కెర ఎలా వచ్చిందని మా ఆవిడ నన్నూ లడ్డూల డబ్బానూ మార్చి మార్చి చూసింది. డబ్బా నిర్దోషి. గాదె తెరిపించింది మీరు.

మీ కార్యాలయ పద్ధతి తెలియక అడగడం లేదు. కణపు పొరను సూదీదారంలా ఏడుసార్లు దాటి గుమ్మంలో పాతుకుపోయిన మీరు, క్లోమంలోని ఆల్ఫా కణాలు పంపిన గ్లూకాగాన్ అనే హార్మోను తాఖీదు బయట అందుకోగానే, లోపలికి ఒక్క అడుగైనా వేయకుండా పక్కనున్న జి-ప్రోటీన్‌ను మోచేత్తో పొడుస్తారు. అది ఎడినైలేట్ సైక్లేజ్‌ను లేపుతుంది. ఆ ఎంజైము ఏటీపీని సైక్లిక్ ఏఎంపీగా మార్చి కణమంతా దండోరా వేయిస్తుంది. దండోరా విన్న ప్రోటీన్ కైనేజ్-ఎ అనే ఎంజైము వెళ్లి ఫాస్ఫోరిలేజ్ కైనేజ్‌కు ఫాస్ఫేటు ముద్ర కొడితే, అది గాదెలో గ్లైకోజెన్ రూపంలో దాచిన చక్కెరను విడగొట్టే గ్లైకోజెన్ ఫాస్ఫోరిలేజ్‌కు మరో ముద్ర కొడుతుంది. మా ఆఫీసుల్లో బల్ల దాటిన కొద్దీ ఫైలు కదలిక మందగిస్తుంది. మీ దగ్గర బల్ల దాటిన కొద్దీ ఆర్డరు పదింతలూ వందింతలూ అవుతుంది.

అంత హడావుడిగా బయలుదేరిన ఫాస్ఫోరిలేజ్ మాత్రం గ్లైకోజెన్ గొలుసు కొస నుంచి ఒక్కో గ్లూకోజును ఊడదీస్తూ వచ్చి, కొమ్మ చీలిక ఇంకా నాలుగు గ్లూకోజుల దూరంలో ఉండగానే ఆగిపోతుంది. ఆ శాఖ తనది కాదట. దాన్ని విడదీయడానికి వేరే ఎంజైము రావాలి. ఉద్యోగ ధర్మమంటే అదీ!

అమెరికా శాస్త్రవేత్త ఎర్ల్ సదర్లాండ్ బృందం 1950లలో కాలేయాన్ని నూరి, అందులోని రేణువుల భాగాన్ని వేరుచేసి చూస్తే, మిగిలిన ద్రవంలో హార్మోను మాట వినే నాథుడే లేకపోయాడు. పొర తునకలతో పాటు మీరూ పోయారు మరి. ఆ వెతుకులాటలో దొరికిన సైక్లిక్ ఏఎంపీ వల్లే సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది. మీ గొప్పతనాన్ని నేను శంకించడం లేదు. రాత్రంతా మెదడుకు గ్లూకోజు అందేది మీ చలవ వల్లనే. గాదెలో నిండా ఉన్నా వంద గ్రాములే. కండరాల దగ్గర నాలుగు వందల దాకా ఉన్నా, వారింట మీవంటి గ్రాహకమూ లేదు, గ్లూకోజుకు అంటిన ఫాస్ఫేటును ఊడదీసి బయటికి పంపే ఎంజైమూ లేదు. ఇంట్లో ఉన్నది ఇంట్లోనే తినే పిసినారులు.

నా ఫిర్యాదంతా ఒక్కటే. వీధి నిండా చక్కెర పారుతున్నప్పుడు కూడా ఇంకా పొయ్యమని వచ్చే తాఖీదును మీరు తిప్పి పంపరేమి? ఇన్సులిన్ మాట చెల్లే ఒంట్లో ఆల్ఫా కణాల నోరు మూతపడుతుంది, సైక్లిక్ ఏఎంపీ విరిగిపోతుంది, ముద్రలన్నీ ఫాస్ఫటేజులు చెరిపేస్తాయి. నా నడుము చుట్టుకొలత పెరిగిన కొద్దీ ఇన్సులిన్ కేకలు మీ కాలేయానికి వినిపించడం మానేశాయి. అందులో పులిహోర పాత్ర ఉందని ఒప్పుకుంటున్నాను. గాదె కింది పందికొక్కును నేనే పెంచాను. అయినా దానికి తలుపు తీసింది మీరు కదా!

రేపు ఆరున్నరకు రక్తం తీసుకోవడానికి ల్యాబు కుర్రాడు వస్తున్నాడు. ఆ ఒక్క గంట సెలవు పెట్టండి. అతని సూదిని చూసి నేను కంగారుపడితే ఎడ్రినలిన్ మీ పక్క గుమ్మంలో దిగి ఇదే గాదెను తెరిపిస్తుందని కూడా తెలుసు. అందుకే కంగారు పడకూడదని ఇప్పటి నుంచే కంగారు పడుతున్నాను.

ఇట్లు,
మీ గాదె కూలి