సవరణ: పాత క్యాంపర్ వ్యాన్ డీజిలే కొనాలన్న మాట

పర్లాకిమిడి, గుణుపురం వైపు వాళ్లకోసం రాసిన పోస్టులో, సెకండ్ హ్యాండ్ క్యాంపర్ వ్యాన్ (లోపలే పడుకునే వీలున్న బండి) ఏ ఏడాదిదైనా డీజిలే కొనమన్నాం. అది తప్పు, మన్నించాలి. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 (బళ్ల పొగ కాలుష్యానికి పెట్టిన ప్రమాణం) డీజిల్ బళ్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) ఉంటుంది. ఆ మసి కాలాలంటే పొగ దాదాపు 600 డిగ్రీలకు వేడెక్కాలి. ఊళ్లోనే నాలుగేసి కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే కాలదు, పేరుకుపోతుంది. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలిగి బండి లాగడం తగ్గుతుంది. అలాంటి వాడకానికి పెట్రోలే నయం. కోరాపుట్ ఘాట్లెక్కి, నిండు బరువుతో దూరాలు పోయేవాళ్లకు డీజిలే.

ఏదైనా సరే, చల్లారిన ఇంజిన్‌నే స్టార్ట్ చేయించండి. ఆయిల్ పోసే మూత వదులు చేస్తే పొగ బుసబుసా తన్నుకొచ్చిందా, ఇంజిన్ లోపలి పిస్టన్ రింగులు అరిగి ఉండొచ్చు. బేరం వదిలేయండి.