నేను చదివిన కాలేజీ పేరు మీద నాకే అనుమానం వచ్చేలా ఉంది

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను, ఒళ్లు మండిపోతోంది. కొత్త ఉద్యోగానికి సర్టిఫికెట్లు చెక్ చేసే ఏదో ఏజెన్సీ. "సర్, మీరు జేఎన్‌టీయూ కాకినాడ అని రాశారు, డిగ్రీ మీద హైదరాబాద్ అని ఉందేంటి?" ఆ సర్‌లో ఎంత మర్యాదో! దొంగ సొత్తుతో దొరికినవాడిని పిలిచినట్టు.

అమ్మా, నేను పాసైంది 2004లో. అప్పుడు జేఎన్‌టీయూ ఒక్కటే, ఉన్నది హైదరాబాద్‌లో, మాది దాని కింద కాలేజీ. 2008లో ముక్కలు చేశాక కాకినాడకి విడిగా యూనివర్సిటీ వచ్చింది. ఇంత మొత్తుకుంటే "ఓకే సర్, కానీ సిస్టమ్‌లో మిస్‌మ్యాచ్ చూపిస్తోంది" అంది.

నాదే నయం. మా నాన్నా అక్కడే చదివారు. పసుపెక్కిన ఆయన డిగ్రీ, మడతల దగ్గర సెల్లో టేపు అంటించి, ఇప్పటికీ బీరువాలో ఉంది. దాని మీద ఆంధ్రా యూనివర్సిటీ! 1972లో జేఎన్‌టీయూ పుట్టకముందు మాట మరి. ఇద్దరిదీ ఒకే కాలేజీ అంటే ఈ పిల్ల మా ఇద్దరి మీదా కేసు పెట్టేలా ఉంది. మా నాన్నమ్మకైతే చివరిదాకా అది "ఇంజనీరింగ్ కాలేజీ", అంతే.

మాది కనీసం పనుండి మారింది. విజయవాడ హెల్త్ యూనివర్సిటీ సంగతేంటండీ? 1986లో ఆంధ్రప్రదేశ్ పేరుతో పెట్టారు, 1998లో ఎన్టీఆర్, 2022లో వైఎస్సార్, 2024లో మళ్లీ ఎన్టీఆర్. ఎంబీబీఎస్ పూర్తయ్యేలోపు రెండుసార్లు పేరు మారింది. బోర్డులు రాసే పెయింటర్ తప్ప బాగుపడిందెవరు? ఈ ఏజెన్సీల వాళ్లకి మాత్రం రేపు పండగే.

అసలు మంట ఇది కాదు, మా విశాఖ బావ. 1946లో మా కాలేజీ మొదలైంది కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్, వైజాగపటం అనే పేరుతోనట. తర్వాత కాకినాడ వచ్చింది. ఎవరు చెప్పారో గానీ, అక్క పెళ్లయిన దగ్గర్నుంచీ ప్రతి సంక్రాంతికీ అదే పాట: "ఒరేయ్ బావమరిదీ, అది మా కాలేజీరా, మీకు అద్దెకిచ్చాం." అదీ మా కాకినాడ కాజా తింటూ! ఇందాక ఈ గొడవ చెబితే ఏమన్నాడో తెలుసా? "వైజాగపటం అని రాసెయ్, నేను సంతకం పెడతా."

ఇది రాస్తుండగానే మెయిల్ వచ్చింది. పేరు మారినట్టు యూనివర్సిటీ నుంచి లెటర్ తేవాలట. ఏ యూనివర్సిటీ తల్లీ? కాకినాడా, హైదరాబాదా?