గరాజ్‌లో గర్భగుడి

పోయిన ఆదివారం మిషిగన్‌లో, నోవైలో ఒకాయన ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లాం. ప్రసాదం చేతిలో పెట్టీ పెట్టగానే ఆయన మగవాళ్లందరినీ గరాజ్‌లోకి రమ్మన్నాడు. చెప్పులు విడిచి, చేతులు తుడుచుకుని రావాలట. వ్రతం జరిగిన హాల్లో కొందరు బూట్లతోనే తిరిగారు, అక్కడ ఎవరూ ఏమీ అనలేదు.

లోపల ఏసీ. నేల అద్దంలా మెరుస్తోంది. మధ్యలో నల్లటి మెత్తటి దుప్పటి కప్పుకుని ఏదో పడుకుని ఉంది. దాని కిందనుంచి ఒక వైరు గోడలోకి పోతోంది. ఐసీయూలో పేషెంటుకి సెలైన్ ఎక్కించినట్టు, బ్యాటరీ ప్రాణం పోకుండా పెట్టిన ఛార్జర్ అది. ఆయన రెండు చేతులకీ తెల్ల గ్లోవ్స్ తొడుక్కుని, తోక వైపు నుంచి దుప్పటిని మెల్లగా మడుస్తూ వచ్చాడు. పంతులుగారు కూడా మాతోపాటే ఉన్నారు. హారతి పళ్లెం ఒక్కటే తక్కువ.

ఫోర్డ్ జీటీ. 2022 చివరికి తయారీ ఆగిపోయిన మోడల్, ప్రపంచం మొత్తానికి చేసినవి 1,350. రెండు టర్బోల 3.5 లీటర్ల వీ6 ఇంజన్, 647 హార్స్‌పవర్, గరిష్ఠ వేగం గంటకి 216 మైళ్లు, అంటే సుమారు 347 కిలోమీటర్లు. ఇక అసలు అంకె. కారు ఎంత దూరం తిరిగిందో చూపే ఓడోమీటర్ ఫోటో తీసి, ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించాడు. 61 మైళ్లు. వెనక వెయ్యి అనే మాట ఏదైనా చెరిగిపోయిందేమోనని దగ్గరికెళ్లి చూశాను. లేదు. ఆ ఫోటో తీసి ఏడాది దాటిందట, మార్చాల్సిన అవసరం రాలేదట.

ఇలాంటి కారుని మదింపు చేయడమంటే నడిపి చూడటం అనుకునే పామరులు మనలో ఇంకా ఉన్నారు. వాళ్ల కోసమే ఈ వ్యాసం. నడపడం డ్రైవర్లు చేసే పని. యజమాని చేయాల్సిన పని వేరే ఉంది. ముందు పెయింటు మందం కొలవాలి. మామూలు మీటర్లు ఇనుము, అల్యూమినియం మీదే పనిచేస్తాయి. దీని బాడీ కార్బన్ ఫైబర్, కాబట్టి అల్ట్రాసౌండ్ మీటర్ కావాలి. ఆయన తెప్పించాడు. జెల్ చుక్క రాసి, డోర్ మీద ఆనించి, తెర మీద అంకె వచ్చేదాకా ఊపిరి బిగబట్టాడు. మేమూ బిగబట్టాం. మా ఆవిడని ఐదో నెల స్కానింగ్‌కి తీసుకెళ్లినప్పుడు కూడా ఇంత టెన్షన్ పడిన గుర్తు లేదు నాకు. "నార్మలే" అన్నాడు. అందరం ఊపిరి వదిలాం.

ఇంజన్ డ్రైవర్ వెనక, వెనక చక్రాలకి ముందు ఉంటుందని, అందుకే దీన్ని మిడ్ ఇంజన్ అంటారని ఆయన ఒక పావుగంట చెప్పాడు. నేను కార్ల కంపెనీలకి విడిభాగాలు చేసే చోట పనిచేస్తాను, అయినా విన్నాను. ఇందులో పెద్ద బ్రహ్మవిద్య లేదు. బిడ్డని చంకనెత్తుకున్న తల్లి పిలవగానే గిరుక్కున తిరుగుతుంది. రెండు చివరలా బిందెలు వేలాడే కావడి మోసేవాడు అలా తిరగలేడు. బరువంతా నడుము దగ్గరుంటే మలుపు సులువు, అంతే. అయితే ఆ సుఖం తెలియాలంటే మలుపు ఒకటి ఉండాలి కదా. ఈ కారు ఇప్పటిదాకా చూసిన పెద్ద మలుపు, డ్రైవ్‌వేలోంచి గరాజ్‌లోకి.

సీటు ముందుకీ వెనక్కీ జరగదు, పట్టా లాగితే పెడల్సే మన కాళ్ల దగ్గరికి వస్తాయి. ఈ సంగతి ఆయన నిలబడే చెప్పాడు. సీటు మీద ఫ్యాక్టరీ ప్లాస్టిక్ ఇంకా ఉంది. ఈ విషయంలో మాత్రం మనవాళ్లకి పుట్టుకతోనే ట్రైనింగ్ ఉంది. టీవీ రిమోట్‌కి పాలిథిన్ కవరు తీయకుండా పదేళ్లు వాడిన జాతి మనది. కానీ మనం రిమోట్‌ని వాడాం. కవరు మీదనుంచే నొక్కి, నంబర్లు కనిపించకపోయినా వేలి గుర్తుతో చానళ్లు మార్చాం.

డిక్కీ చూపించమన్నారెవరో. సుమారు 11 లీటర్లు. మా అత్తయ్య పంపే ఆవకాయ జాడీ ఒక్కటి పెడితే నిండిపోతుంది, పక్కనే ఇంజన్ కాబట్టి ఊరాల్సిన దానికంటే ముందే ఊరుతుంది కూడా.

ఇంతకీ ఈయనకి కారు ఎలా దొరికింది? అదీ వినాలి. 2016లో ఫోర్డ్ వాళ్లు కొనేవాళ్లని దరఖాస్తు పెట్టుకోమన్నారు. డబ్బు ఇస్తానంటే సరిపోదు, సంబంధం కుదరాలి. మొదటి 500 కార్లకి 6,506 మంది దరఖాస్తు పూర్తిగా నింపి పంపారు. ఒక్కో పిల్లకి పదముగ్గురు పెళ్లికొడుకులు. మా కార్లు ఇంతకుముందు మీ ఇంట్లో ఏమేమున్నాయి, జనంలో మీ పలుకుబడి ఎంత, దీన్ని తరచూ నడుపుతారా అని ఆరా. కావాలంటే మీ గురించి చిన్న వీడియో కూడా పంపొచ్చు. సుమారు 4,50,000 డాలర్లు చేతిలో పట్టుకున్న మనిషి, చొక్కా ఇస్త్రీ చేయించుకుని కెమెరా ముందు నిలబడి, "చిన్నప్పటినుంచీ నాకు మీ అమ్మాయంటే ప్రాణమండీ, కాలు కింద పెట్టనివ్వను" అంటున్న దృశ్యం ఒక్కసారి ఊహించుకోండి. మా నోవై ఆయన తనకి తొలి విడతలో రాలేదని, తర్వాత సంఖ్య పెంచినప్పుడు వచ్చిందని కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు. రెండో పిలుపులో కుదిరిన సంబంధాన్ని చెప్పుకున్నట్టు. తన వీడియోలో ఏం చెప్పావంటే, వారానికోసారైనా నడుపుతానన్నాడట. కాలు కింద పెట్టనివ్వనన్న మాట మాత్రం నిలబెట్టుకున్నాడు.

కుదిరాక అగ్రిమెంటు. రెండేళ్లదాకా అమ్మకూడదు. రెజ్లింగ్ వీరుడు జాన్ సీనా 2017లో కారు చేతికొచ్చిన కొద్ది వారాలకే అమ్మేశాడు. కంపెనీ కోర్టుకెళ్లింది. 2018లో రాజీ కుదిరింది, ఆయన సారీ చెప్పాడు, రాజీ డబ్బు ధర్మకార్యానికి పోయింది. అదే ఏడాది ఇండియానాపొలిస్ వేలంలో ఇంకో జీటీ 16.5 లక్షల డాలర్లు పలికింది. దానికీ కోర్టే.

ఇప్పుడు నా ప్రశ్న. అమ్మితే కేసు పెట్టారు. నడపకపోతే? కొనకముందు తరచూ నడుపుతావా అని అడిగిన పెద్దమనుషులు, నడపనివాడి మీద ఒక్క నోటీసైనా పంపారా? ఆ మాట ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే నడపని కారు ఖరీదు పెరుగుతుంది, నడిపిన కారు ఖరీదు తగ్గుతుంది. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. ఇక్కడ చచ్చిన ఏనుగుకే రేటు ఎక్కువ.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారేమో. చెప్తాను. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ ఇంజన్లు విప్పి బిగించాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ బ్లాక్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. మూడో సిలిండర్ అనేవాడు. మూడో సిలిండరే అయ్యేది. ఆ చెవి చుట్టూ గ్రీజు మరక చివరిదాకా పోలేదు. "తిరిగే బండి కంటే నిలబెట్టిన బండే తొందరగా చెడుద్దిరా" అనేవాడు. చెడుతుంది. రబ్బరు సీళ్లు ఎండి పగులుతాయి, టైరు నేలకి ఆనిన చోట చదునవుతుంది, పెట్రోలు పాతబడి జిగురు కడుతుంది, బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చి పాడవుతుంది. ఇది ఆటోనగర్‌లో నట్లు కడిగే కుర్రాడికి తెలుసు.

ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ కార్ల రేసులో 1966లో దీని పూర్వీకులు, ఫోర్డ్ జీటీ40లు, మొదటి మూడు స్థానాలూ కొట్టేశాయి. సరిగ్గా యాభై ఏళ్లకి, 2016లో, ఈ కారు రేసు రూపం అదే చోట తన తరగతిలో గెలిచింది. 24 గంటలు, నాలుగు వేల కిలోమీటర్లకు పైగా, రాత్రీ పగలూ ఆగకుండా. అలాంటి కారుని ఆ రేసులోకి రానివ్వాలంటే దాని రోడ్డు రూపం కూడా జనానికి అమ్మాలని అప్పటి రూలు. రోడ్డు రూపం! రోడ్డు మీద తిరగడానికని పుట్టింది. కెనడాలో మార్కమ్‌లో పనివాళ్లు చేతులతో బిగించారు దాన్ని. ఆ ఇంజన్‌ని ట్యూన్ చేసినవాడు ఎన్ని రాత్రులు టెస్ట్ బెంచ్ దగ్గర చెవి ఒగ్గి కూర్చున్నాడో! ఆ చెవికి ఇదా మర్యాద? తాను నడపడు, నడిపేవాడికి దక్కనివ్వడు. గడ్డివాము దగ్గర కుక్కకైనా రాత్రి చలికి వెచ్చదనం దొరుకుతుంది. ఈయనకి దొరికేది ఏడాదికోసారి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే వాల్యుయేషన్ కాగితం. దొంగతనమంటే వేరే ఉండదు, ఇదే.

క్షమించాలి. వ్రతం గురించి కదా చెప్తున్నాను.

మా ఎనిమిదేళ్లవాడు ఎప్పుడు దూరాడో దూరాడు. "అంకుల్, ఇది ఎంత స్పీడ్ పోతుంది?"

"రెండు వందల పదహారు, నాన్నా."

"మీరు ఎంత పోయారు?"

ఆయన దుప్పటి అంచు సర్దుతూ, "ట్రక్కు మీంచి దించినప్పుడు ఐదు ఉండొచ్చు" అన్నాడు. పంతులుగారు దగ్గారు. ఇంజన్ స్టార్ట్ చేసి వినిపించమని నేనూ అడిగాను. చల్లటి ఇంజన్‌ని ఊరికే స్టార్ట్ చేసి ఆపేస్తే అరుగుదల అన్నాడు. అది మాత్రం నిజమే, కాదనలేకపోయాను. లైట్లు తీసేసి అందరం బయటికొచ్చాం.

మర్నాడు ఉదయం వాట్సాప్‌లో మెసేజ్. "అన్నా, ఏమీ అనుకోవద్దు. ఎడమ డోర్ గ్లాస్ మీద చిన్న ముక్కు గుర్తు ఉంది. మీవాడిదే అనుకుంటా. డీటైలింగ్ వాళ్లు బుధవారం వస్తున్నారు."

మావాడిని అడిగాను. అవును, లోపల ఎలా ఉందో చూడటానికి ఆనించానన్నాడు.

"సారీ తమ్ముడూ" అని కొట్టాను. కాసేపాగి ఇంకోటి పంపాను. "వెనక బంపర్ కూడా ఒకసారి చూడమను. అక్కడ కూడా ఆనించాడట."