హలో చేరిందా? ఫోన్ చేసి చెప్పండి

పాత కంప్యూటర్ల మధ్య కబుర్లు పంపుకునే మాలాంటి వాళ్ళంటే లోకానికి చిన్నచూపు. నలభై యాభై ఏళ్ళనాటి యంత్రాలను దులిపి, తుడిచి, ఒకదానికొకటి తగిలించి, వాటి మీద నడిచే చాట్ ప్రోగ్రామ్ మేమే రాసుకుని, అది మొరాయిస్తే మేమే బాగుచేసుకుంటూ ఉంటే, "జేబులో ఫోన్ ఉంది కదా?" అంటారు. ఆ మాట అనేవాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. ఆ ఫోన్ మాకూ కావాలి. అది లేకపోతే ఇవతల కొట్టిన హలో అవతల చేరిందో లేదో ఎలా తెలుస్తుంది?

మా పనితీరు ఇలా ఉంటుంది. నేను హలో కొట్టి ఎంటర్ నొక్కుతాను. వెంటనే మావాడికి ఫోన్ చేస్తాను.

"వచ్చిందా గురూ?"

"రాలేదు."

"ఇప్పుడు?"

"ఏదో వచ్చింది. హలో మాత్రం కాదు."

"మరేంటి?"

"చదవడానికేం లేదు. టెర్మినల్ గంట మోగింది, అంతే."

దీన్ని టెస్టింగ్ అంటారు. రాత్రి పదకొండుకు మొదలుపెడితే రెండు దాటుతుంది. ఆ మూడు గంటలూ ఇద్దరం ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉంటాం, ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడానికి ఒక దారి కనిపెట్టాలని.

ఇదేదో మా బుర్రలో పుట్టిన వంకర పద్ధతి అనుకోకండి. దీని వెనక పెద్దల బాట ఉంది. 1969 అక్టోబర్ 29న ఇంటర్నెట్‌కు పూర్వీకుడైన ఆర్పానెట్‌లో మొట్టమొదటి సందేశం లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు వెళ్ళింది. పంపాల్సిన మాట 'లాగిన్'. ఎల్ కొట్టారు, ఓ కొట్టారు, జీ దగ్గరికి వచ్చేసరికి వ్యవస్థ కూలబడింది. మరి ఎల్, ఓ చేరాయని ఇవతలివాళ్ళకు ఎలా తెలిసింది? ఫోన్ పెట్టుకుని అడిగారు! ఎల్ వచ్చిందా? వచ్చింది. ఓ వచ్చిందా? వచ్చింది. ఇంటర్నెట్‌కు మంత్రసాని టెలిఫోనే. మేం ఇవాళ చేస్తున్నదీ అదే పని. యాభై ఏళ్ళు పైబడినా పద్ధతి మార్చని నిష్ఠను మెచ్చుకోవాల్సింది పోయి నవ్వుతారా?

రెండేళ్ళ తర్వాత, 1971లో, అమెరికన్ ప్రోగ్రామర్ రే టామ్లిన్సన్ ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి ఈమెయిల్ పంపాడు. ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని ముందు నుంచి లేచి రెండోదాని ముందు కూర్చుంటే సరిపోయే దూరం. అందులో ఏం రాశారని తర్వాత అడిగితే గుర్తులేదన్నాడు. కీబోర్డు పై వరసలో అక్షరాలేవో కొట్టి ఉంటానన్నాడు. అదీ పెద్దరికం అంటే. ఉత్తరంలో ఏముందని అడిగేవాడు మామూలు మనిషి. ఉత్తరం వెళ్ళిందా లేదా అన్నదే మా ధ్యాస.

మేం నమ్ముకున్న నెట్‌వర్క్ పేరు డెక్‌నెట్. దాన్ని తయారుచేసిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఇప్పుడు లేదు, 1998లో కాంపాక్ కొనేసింది. ఆ కాంపాక్ కూడా ఇప్పుడు లేదు. డెక్‌నెట్ మాత్రం మా గదిలో మూలన హాయిగా ఉంది. దాని నాలుగో దశలో 63 ఏరియాలు, ఒక్కో ఏరియాలో 1023 నోడ్లు. అంతా కలిపితే 64,449 యంత్రాలు. ప్రపంచానికి ఇవేం సరిపోతాయని కొందరు వెక్కిరిస్తారు. ప్రపంచం సంగతి నాకు తెలియదు గానీ, మాకైతే ఇంకా బోలెడు మిగిలాయి.

ఔత్సాహికులు నడుపుకునే డెక్‌నెట్ ఒకటి హెక్‌నెట్ పేరుతో ఉంది. దేశాల మధ్య దాని ప్యాకెట్లు, అంటే సమాచారపు మూటలు, ఇవాళ్టి ఇంటర్నెట్ పొట్టలో కూర్చుని ప్రయాణం చేస్తాయి. అంటే కొత్త రోడ్డు మాకొద్దు, పాత బండిబాటే ముద్దని భీష్మించుకున్నవాళ్ళం, ఆ బండిబాటను తీసుకొచ్చి కొత్త రోడ్డు మీదే పరుచుకున్నామన్నమాట. ఇందులో వైరుధ్యం ఉందని ఎవరైనా అంటే, వాళ్ళకు నెట్‌వర్కింగ్ తెలియదని గట్టిగా చెబుతాం. గట్టిగా చెబితే చాలామంది ఊరుకుంటారు.

డెక్‌నెట్‌కు ఒక అలవాటుంది. లేవగానే నెట్‌వర్క్ కార్డుకు తయారీలో పెట్టిన చిరునామా పీకేసి, తన నోడ్ నంబరును బట్టి కొత్తది తగిలిస్తుంది. అద్దెకు దిగినవాడు మొదటిరోజే ఇంటి నంబరు మార్చేసినట్టు! అదే కార్డు మీద అప్పటికే ఇంకో ప్రోటోకాల్ (యంత్రాలు మాట్లాడుకునే పద్ధతి) కాపురం ఉంటే, దానికి రావాల్సినవన్నీ పాత నంబరు వెతుక్కుంటూ తిరుగుతాయి. కాబట్టి డెక్‌నెట్‌ను ముందు లేపాలి, మిగతావాటిని తర్వాత. ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి నాకు రెండు వారాంతాలు పట్టింది. ఈ సంగతి మాన్యువల్‌లోనే ఉంది కదా అన్నాడు మావాడు. పజిల్ పూరించేవాడు చివరి పేజీలో జవాబులు చూస్తాడా? మాన్యువల్ చదివి నెగ్గినవాణ్ణి నేను నెగ్గినట్టు లెక్కేయను.

అసలు కథ బైట్ల వరసది. రెండు బైట్ల సంఖ్యను కొన్ని యంత్రాలు చిన్న బైటు ముందు పెట్టి రాస్తాయి, కొన్ని పెద్ద బైటు ముందు పెడతాయి. ఎవరి పద్ధతి వాళ్ళకు ధర్మం. యు, ఎన్, ఐ, ఎక్స్ అని పంపితే అవతల ఎన్, యు, ఎక్స్, ఐ అని దిగడం ఈ రంగంలో ముత్తాతల నాటి జోకు. ఇది ఔత్సాహికులకే పట్టిన జబ్బు కూడా కాదు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు 4.2 బీఎస్‌డీ రూపంతో వచ్చిన టాక్ అనే చాట్ ప్రోగ్రామ్ తన సమాచారాన్ని యంత్రం సొంత వరసలోనే పంపేది. దాంతో డిజిటల్ కంపెనీ వ్యాక్స్ యంత్రం మీద ఉన్నవాడు సన్ వర్క్‌స్టేషన్ మీద ఉన్నవాడితో మాట్లాడలేకపోయేవాడు. పేరు మాత్రం టాక్! 4.3లో దాన్ని సరిచేసి కొత్త టాక్ ఇచ్చారు. పాత టాక్‌కూ కొత్త టాక్‌కూ మాత్రం మాటల్లేవు.

ఇంత చరిత్ర తెలిసినవాణ్ణి నేను అదే తప్పు చేస్తానా? చేశాను. మావాడి దగ్గరున్నది మోటరోలా 68000 ప్రాసెసర్‌తో నడిచే పాత వర్క్‌స్టేషన్, నాది వ్యాక్స్. ఆ పూటకు డెక్‌నెట్‌ను పక్కనపెట్టి ఇంటర్నెట్ వాడే టీసీపీ మీద నడిపాం. నా ప్రోగ్రామ్ ముందు సందేశం పొడవును రెండు బైట్లలో పంపి, ఆ వెనక సందేశాన్ని పంపుతుంది. ఇంగ్లిష్‌లో హలో ఐదక్షరాలు. నేను 5 అని పంపాను. అవతలి యంత్రం బైట్లు తిరగేసి 1280 అని చదువుకుంది. ఐదక్షరాలు అందుకుని, మిగతా 1275 కోసం భక్తిగా ఎదురుచూస్తూ కూర్చుంది. ఇద్దరికీ ఇది తెలియదు. నేను కేబుల్ మార్చాను. అతను కార్డు మార్చాడు. పవర్ సప్లై మీద అనుమానం వచ్చి విప్పితే అందులో కెపాసిటర్లు ఉబ్బి కనిపించాయి, వాటినీ మార్చాను. (వాటికీ దీనికీ ఏ సంబంధం లేదు. కానీ మార్చాక మనసు కుదుటపడింది.) విసుగొచ్చి హలో మీద హలో కొడుతూ పోయాను. పొడవు రెండు బైట్లు, హలో ఐదు, వెరసి ఏడు. లెక్క ప్రకారం నూట ఎనభై చిల్లర హలోలు పోగయ్యేసరికి 1280 నిండింది. అన్నీ ఒక్కసారిగా అవతలి తెర మీద కుమ్మరించినట్టు పడ్డాయి.

"వచ్చింది గురూ!" అని ఫోన్‌లో అరిచాడు. ఆ సంతోషంలో తప్పేమిటో వెతకడం ఇంకో రెండు రోజులు వాయిదా పడింది.

ఇంకో రాత్రి హలో చక్కగా చేరింది గానీ తేదీ 1858 నవంబర్ 17 అని పడింది. వ్యాక్స్ మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ వీఎంఎస్ తన కాలాన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టేది ఆ రోజు నుంచే. నేను సమయం నింపడం మరిచిపోయి సున్నా పంపాను. జవాబు ఆలస్యమైనందుకు మావాడు క్షమాపణ అడిగాడు.

ఎమ్యులేటర్ (పాత యంత్రంలా నటించే ప్రోగ్రామ్) గొడవ కూడా ఒకటుంది. అసలు యంత్రం మీద నడిపితేనే పుణ్యమని కొందరు, అరచేతిలో పట్టే బోర్డు మీద సిమ్‌హెచ్ అనే ఎమ్యులేటర్ వేసుకున్నా పుణ్యమేనని కొందరు. నాది మొదటి వర్గం, వేసవి రానంతవరకు.

ఇంతకీ ఇప్పటి చాట్‌లో లేనిది, మా పాతవాటిలో ఉన్నది ఏమిటో చెప్పనివ్వండి. వీఎంఎస్‌లో ఫోన్ అనే ప్రోగ్రామ్ ఉంది. అవతలివాళ్ళు పిలుస్తుంటే పది సెకన్లకోసారి తెర మీద ఆ సంగతి వచ్చి పడుతుంది, మీరు ఏ పనిలో ఉన్నా సరే. ఎత్తాక తెర రెండుగా చీలుతుంది. మీరు కొట్టే ప్రతి అక్షరం కొట్టినప్పుడే అవతల కనిపిస్తుంది. 1973లోనే ప్లేటో అనే కంప్యూటర్ విద్యా వ్యవస్థలో టాకోమాటిక్ అనే చాట్ ఇలాగే ఉండేది. ఇప్పటి ఫోన్లు 'టైపింగ్' అని చూపించి ఊరిస్తాయి. లోపల మీరేం రాసి చెరిపేశారో ఎవరికీ తెలియదు. మా దగ్గర 'మూర్ఖు' అని కొట్టి, చెరిపి, 'మిత్రమా' అని దిద్దుకున్నా అవతలివాడు మొదటిదే గుర్తుపెట్టుకుంటాడు. ఇంత పారదర్శకత ఇంకెక్కడా లేదు. స్నేహాలు కూడా అంత ఎక్కువగా మిగలవు, నిజమే.

మొన్నొక రాత్రి ఒక విపరీతం జరిగింది. అన్నీ ఒక్కసారే పనిచేశాయి. బైట్ల వరస సరిపోయింది, తేదీ ఇవాళ్టిదే పడింది, గంట అనవసరంగా మోగలేదు. ఫోన్ చేయబోయి ఆగాను, చేయాల్సిన అవసరం కనిపించలేదు.

"ఉన్నావా?" అని తెర మీద వచ్చింది.

"ఉన్నా" అని కొట్టాను.

"బాగా వస్తోంది."

"అవును. నాకూ."

ఆ తర్వాత ఇద్దరి వైపూ కర్సర్లు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. ఫ్యాన్ చప్పుడు అంత పెద్దదని అంతకుముందు ఎప్పుడూ గమనించలేదు. ఒక నిమిషం గడిచింది. ఇంకో రెండు గడిచాయి. అప్పుడు అవతల ఒక్కో అక్షరమే పడటం మొదలైంది.

"ఫైళ్ళు పంపుకునే సదుపాయం కూడా పెడదామా?"

ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఫోన్ అందుకున్నాను.