తోడు లేని ఫిర్యాదు

జీతాలు, కూలికి సంబంధించిన నాలుగు పాత చట్టాలను కలిపి 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దాని మంచిచెడ్డలపై వాదోపవాదాలు చాలానే సాగాయి గాని, 45వ సెక్షన్‌లోని ఒక చిన్న ఉపవిభాగం పేద కూలీకి ఉన్న చివరి ఆసరాను చడీచప్పుడు లేకుండా తీసేసిన సంగతి ఎవరికీ పట్టలేదు. కూలి ఎగ్గొట్టిన యజమానిపై దరఖాస్తు పెట్టగలవారు ఇక ముగ్గురే: కార్మికుడు, అతడు సభ్యుడిగా ఉన్న రిజిస్టర్డ్ కార్మిక సంఘం, కొత్తగా ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’ అని పేరు మార్చుకున్న ప్రభుత్వ అధికారి. కార్మికుడి తరఫున దరఖాస్తు పెట్టే అధికారం న్యాయవాదికి లేదు. పైసా తీసుకోకుండా బకాయిల కేసులు నడిపే స్వచ్ఛంద సంస్థకూ లేదు.

ఇంతకుముందు ఇలా లేదు. 1936 నాటి వేతన చెల్లింపుల చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం కార్మికుడి పక్షాన న్యాయవాది గాని, సంఘం ప్రతినిధి గాని, కేసు విచారించే అధికారి అనుమతితో మరే వ్యక్తి అయినా గాని దరఖాస్తు పెట్టవచ్చని స్పష్టంగా చెప్పాయి. కార్మికులకు ఉచిత న్యాయసహాయం చేసే సంస్థలు దశాబ్దాలుగా ఆధారపడింది ఆ చివరి మాట మీదనే. వలస పాలకులు రాసిన చట్టంలో ఉన్న వెసులుబాటు స్వతంత్ర భారతం తెచ్చిన సంస్కరణలో లేకుండా పోయింది.

దీని అర్థమేమిటో ఇటుక బట్టీల దగ్గరికి వెళితే తెలుస్తుంది. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి ఏటా తెలంగాణ బట్టీలకు వచ్చే కుటుంబాలు, కూలీలను కుదిర్చే సర్దారు ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి ఆరేడు నెలలు పనిచేస్తాయి. ఎన్ని ఇటుకలు కోశారో, ఎంత తిండిఖర్చు పట్టుకున్నారో రాసిన పుస్తకం యజమాని దగ్గరే ఉంటుంది. వానలు మొదలయ్యేసరికి లెక్క తేల్చి, మిగిలిందేమీ లేదని పంపించేస్తే, తెలుగు రాని ఆ మనిషి ఏ జిల్లా కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లాలి? యజమాని ఎవరని రాయాలి? ఊరికి తిరిగి వెళ్లాక వాయిదాకు ఎలా రావాలి? హైదరాబాద్ అడ్డాల మీద నిలబడే పాలమూరు కూలీదీ ఇంచుమించు ఇదే పరిస్థితి. మేస్త్రీ ఫోన్ ఎత్తడు, కాంట్రాక్టరు మేస్త్రీని అడగమంటాడు, అసలు బిల్డరెవరో కూలీకి తెలియనే తెలియదు.

ఉచిత న్యాయసహాయ సంస్థ చేసే పని సరిగ్గా ఇక్కడ మొదలవుతుంది. 2005 నుంచి ఉదయ్‌పూర్ కేంద్రంగా వలస కార్మికుల మధ్య పనిచేస్తున్న ఆజీవికా బ్యూరో వంటి సంస్థలు కూలీలు ఫోన్ చేసి చెప్పుకోవడానికి హెల్ప్‌లైన్ నడిపాయి, బకాయిల లెక్కలు రాసిపెట్టాయి, యజమానులను పిలిపించి రాజీ కుదిర్చాయి, కుదరనప్పుడు కేసు దాకా తోడు నిలిచాయి. యజమాని చర్చకు వచ్చి కూర్చునేది చాలాసార్లు రాజీ కాకపోతే కేసు పడుతుందన్న భయంతోనే. ఆ కేసు వేసే అధికారం సంస్థకు లేదని తేలిపోయాక అతడు ఎందుకు వస్తాడు?

గడువును 3 ఏళ్లకు పెంచామని, రావలసిన సొమ్ముకు 10 రెట్ల దాకా పరిహారం ఇప్పించవచ్చని, జీతం ఇచ్చానని రుజువు చేసుకోవలసిన బాధ్యత యజమానిదేనని ప్రభుత్వం చెబుతోంది. అవి మంచి మార్పులే, కాదనం. కాని దరఖాస్తే పడని చోట పరిహారం ఎన్ని రెట్లయితేనేం? సంఘం ఉంది కదా అంటే, బట్టీ కూలీల్లో, ఇంటి పనివారిలో, అడ్డా కూలీల్లో సంఘ సభ్యత్వం ఉన్నవారెందరు? ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు కదా అంటే, అతడు తనంతట తానుగా కేసులు వేసే మనిషే అయితే ఇన్నేళ్లుగా ఈ సంస్థల అవసరం ఎందుకు పడింది?

రాజ్యం ఒక నోటితో పిలిచి, మరో నోటితో పొమ్మంటోంది. ఉచిత న్యాయసహాయం అందించాలని రాజ్యాంగంలోని 39ఎ అధికరణం ఆదేశిస్తోంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం పారిశ్రామిక కార్మికుడిని ఉచిత న్యాయసేవకు అర్హుల జాబితాలో చేర్చింది. గ్రామీణ, పట్టణ శ్రామికుల మధ్య పనిచేసే స్వచ్ఛంద సంస్థల తోడ్పాటు కోసం ప్రత్యేకంగా కృషి చేయాలని అదే చట్టం జాతీయ న్యాయ సేవాధికార సంస్థకు బాధ్యత అప్పగించింది. ఇప్పుడు వేతనాల కోడ్ ప్రకారం చూస్తే, ఆ స్వచ్ఛంద సంస్థకే కాదు, న్యాయ సేవాధికార సంస్థ తన ఖర్చుతో పంపే వకీలుకు సైతం కూలీ పక్షాన దరఖాస్తు పెట్టేవారి జాబితాలో చోటు లేదు.

ఈ వివాదం సుప్రీంకోర్టులో ఎప్పుడో తేలింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాల్లో రోజుకు 9 రూపాయల 25 పైసల కనీస కూలిలో, కూలీలను తెచ్చే జమేదార్లు రూపాయి మింగుతున్నారని పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రటిక్ రైట్స్ అనే హక్కుల సంస్థ ఆ కోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎన్. భగవతికి ఉత్తరం రాస్తే, అడగడానికి ఆ సంస్థ ఎవరని ప్రభుత్వ పక్షం అభ్యంతరం చెప్పింది. 1982లో కోర్టు ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. పేదరికం వల్ల కోర్టు మెట్లెక్కలేనివారి పక్షాన ఇతరులు రావచ్చని, కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకునే పని వెట్టిచాకిరీయేనని తీర్పు చెప్పింది. అప్పుడు కోర్టులో ఓడిపోయిన వాదన ఇప్పుడు చట్టంలో ఉపవిభాగమై కూర్చుంది.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది ఈ ఒరవడి. ఈ కోడ్‌లో కలిసిపోయిన సమాన వేతన చట్టం కింద నేరాలపై ‘గుర్తింపు పొందిన సంక్షేమ సంస్థలు’ కోర్టులో ఫిర్యాదు చేయవచ్చని 1987లో సవరణ తెచ్చారు, ఢిల్లీలోని సెంటర్ ఫర్ విమెన్స్ డెవలప్‌మెంట్ స్టడీస్, మద్రాసులోని వర్కింగ్ విమెన్స్ ఫోరం వంటివాటికి కేంద్రమే ఆ గుర్తింపు ఇచ్చింది. వేతనాల కోడ్ 52వ సెక్షన్‌లో ఆ మాట కూడా మాయమైంది. ఒకే చట్టంలో రెండుచోట్ల ఒకే రకం మనుషులను బయట నిలబెట్టడం పొరపాటని నమ్మలేము. ఈరోజు కూలి డబ్బుల విషయంలో చెల్లిన ఈ కత్తిరింపు రేపు ప్రమాద పరిహారానికి, ఎల్లుండి ప్రసూతి ప్రయోజనాలకు పాకదన్న హామీ ఎవరిస్తారు?

కోడ్ కింద నిబంధనలు రాసే అధికారం రాష్ట్రాలకుంది. కూలీ గాని, అతడు రాతపూర్వకంగా అధికారమిచ్చిన సంస్థ గాని ఫిర్యాదు అందజేస్తే, నిర్ణీత గడువులోగా ఇన్‌స్పెక్టరే దరఖాస్తు దాఖలు చేసి తీరాలని, చేయకపోతే కారణం రాసివ్వాలని హైదరాబాద్, అమరావతి ప్రభుత్వాలు వెంటనే నిబంధన పెట్టాలి. విచారణలో కూలీ పక్కన కూర్చుని అతడి భాషలో మాట్లాడే మనిషిని అనుమతించాలి. అసలు లోపం మాత్రం పార్లమెంటు దిద్దవలసిందే. ‘అధికారి అనుమతితో మరే వ్యక్తి అయినా’ అన్న పాత మాటను తిరిగి చేర్చడానికి ఒక్క వాక్యం సవరణ చాలు. వచ్చే సమావేశాల్లో దానికోసం ప్రైవేటు బిల్లు పెట్టే తీరిక మన ఎంపీలకు లేకపోతే, ఎన్నికలప్పుడు తెల్లవారుజామునే అడ్డాల దగ్గరికి వచ్చి ఓట్లడిగే పని వారు మానుకోవాలి.