యంత్రం ఎందుకు ఆగిందో ఎవరు చెప్పాలి?

బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో యంత్రాలకు సెన్సర్లు తగిలించడం ఇప్పుడు పెద్ద కంపెనీలకే పరిమితమైన ముచ్చట కాదు. పది పన్నెండు మంది పనిచేసే షెడ్లలో కూడా ఏ లేత్ ఎంతసేపు తిరిగింది, ఏ మిల్లింగ్ యంత్రం ఎప్పుడు ఆగింది అన్న లెక్క యజమాని గదిలోని తెర మీద పచ్చ, ఎరుపు గీతలుగా కనబడుతోంది. 2011లో జర్మనీలోని హానోవర్ పారిశ్రామిక ప్రదర్శనలో యంత్రాలను కంప్యూటర్ల నెట్‌వర్క్‌తో కలిపి నడపాలంటూ ‘ఇండస్ట్రీ 4.0’ పేరుతో వినబడిన ఆలోచన, హిందూపురం, మదనపల్లె, కుప్పం నుంచి వచ్చి ఇక్కడ సీఎన్‌సీల (కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని కోసే యంత్రాల) ముందు నిలబడే మనవాళ్ల షిఫ్టులోకి వచ్చేసింది. రావడం మంచిదే. ఆ తెర ఎవరి ముందు ఉండాలన్న దగ్గరే మాకు పేచీ.

సాంకేతికంగా ఇది బ్రహ్మవిద్యేమీ కాదు. ముప్పై ఏళ్ల నాటి లేత్ అయినా సరే, మోటారుకు వెళ్లే తీగల్లో ఒకదాని చుట్టూ కరెంటు కొలిచే చిన్న క్లాంపు బిగిస్తే అది లోహాన్ని కోస్తోందో, ఊరికే తిరుగుతోందో తెలిసిపోతుంది. కొత్త సీఎన్‌సీలను నడిపే కంప్యూటర్లు, అంటే కంట్రోలర్లయితే, ఆ వివరాలను నేరుగా ఇస్తాయి. యంత్రాల మధ్య సమాచారం నడిపే మోడ్‌బస్ పద్ధతి 1979 నాటిది, నేటికీ పనికొస్తోంది. ప్రయోజనాలూ కంటికి ఆనేవే. బేరింగు అరగడం మొదలైతే చెవికి వినబడక ముందే కంపనంలో తేడా వస్తుంది. ఆర్డరు మధ్యలో యంత్రం మొరాయించే లోపే దాన్ని మార్చుకోవచ్చు. పనంతా ఆపేసిన రాత్రివేళ కూడా కంప్రెసర్ మాటిమాటికీ లేచి కరెంటు తాగుతోందంటే గాలి గొట్టాలు ఎక్కడో కారుతున్నట్టే. నెల చివర బిల్లు చూసి తల పట్టుకునే యజమానికి ఆ ఒక్క గీత చాలు.

చిక్కు మనిషి దగ్గర మొదలవుతుంది. ఫ్యాక్టరీల్లో పనితీరును ఓఈఈ (ఓవరాల్ ఎక్విప్‌మెంట్ ఎఫెక్టివ్‌నెస్) అనే అంకెతో కొలుస్తారు. యంత్రం పనికి అందిన సమయం, నడిచిన వేగం, తప్పు లేకుండా తయారైన జాబ్‌లు (యంత్రం మీద చేసే భాగాలు) అనే మూడు శాతాలను గుణిస్తే వచ్చేదే అది. 90, 95, 99 విడివిడిగా ఘనంగానే ఉంటాయి, గుణిస్తే 85 కూడా నిండదు. ఆ అంకె తగ్గగానే పిలుపు వచ్చేది ఆపరేటర్‌కే. అతని చేతిలో ఉన్నదెంత? లోహాన్ని కోసే మొన, అంటే ఇన్సర్టు, అరిగితే స్టోర్స్ తాళంచెవి సూపర్‌వైజర్ జేబులో ఉంటుంది. మొదటి పీసును తనిఖీ చేయాల్సినాయన ఇంకో షెడ్డులో ఉంటాడు. ముడిసరుకు లారీ తుమకూరు రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటుంది. డ్రాయింగు మారిందని కస్టమర్ సగం పనిలో ఫోను చేస్తాడు. సెన్సర్‌కు ఇవేవీ తెలియవు, ఆగిందని మాత్రమే తెలుసు.

అందుకే చాలాచోట్ల యంత్రం పక్కన మీటల పలక ఒకటి పెట్టి, ఆగిన కారణం నొక్కమంటారు. ప్రతి ఎర్ర గీతా తన బోనస్‌కు కోత పెడుతుందని భయపడేవాడు ఏది నొక్కుతాడు? ‘ఇతర కారణాలు’. పలక మీద అన్నిటికన్నా ముందు అరిగిపోయే మీట అదే. ఇంకొంచెం తెలివైనవాడు జాబ్ లేకుండానే స్పిండిల్‌ను (యంత్రంలో తిరిగే ఇరుసును) ఊరికే తిప్పి పచ్చ గీత పుట్టిస్తాడు. వాళ్లను తప్పుపట్టడం తేలికే. కానీ లక్షలు పోసి కొన్న వ్యవస్థ అబద్ధాలను అందంగా గీసి చూపుతుంటే, ఆ లెక్క నమ్మి యజమాని అప్పు తెచ్చి మరో యంత్రం కొంటే? జీతాల కోతలో మిగిలిన నాలుగు డబ్బులు ఆ అప్పు వడ్డీకి కూడా చాలవు.

కంట్రోలర్లను ఆఫీసు వైఫైకే కలిపేసే అలవాటు గురించీ ఒక మాట. 2019 మార్చిలో సైబర్ దాడి జరిగినప్పుడు నార్వే అల్యూమినియం సంస్థ నార్స్క్ హైడ్రో కొన్ని ప్లాంట్లను కంప్యూటర్ల సాయం లేకుండా నడుపుకోవాల్సి వచ్చింది. పాస్‌వర్డు గోడకు అంటించుకునే షెడ్ల సంగతి వేరే చెప్పాలా?

బెంగళూరుకు సాకులు చెల్లవు. 1953లో యంత్ర పరికరాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్ఎంటీ పుట్టింది ఇక్కడే. యంత్ర పరికరాల పరిశోధనకు 1962లో నెలకొల్పిన సీఎంటీఐ ఇక్కడే ఉంది. కేంద్ర ప్రభుత్వ పథకం ‘సమర్థ్ ఉద్యోగ్ భారత్ 4.0’ కింద సీఎంటీఐలోనూ, ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లోనూ చిన్న పరిశ్రమలకు దారి చూపే కేంద్రాలున్నాయి. వాటి శిక్షణకు యజమానులతో పాటు ఆపరేటర్లూ రావాలి, కన్నడంతో పాటు తెలుగు, తమిళం, హిందీల్లోనూ పాఠం చెప్పాలి. ప్రభుత్వాలు సాయం చేసేటప్పుడు ఎన్ని సెన్సర్లు బిగించారన్న లెక్కతో సరిపెట్టకూడదు. తెర ముందుగా యంత్రం పక్కనే ఉండాలి. ఆపరేటర్ నమోదు చేసిన కారణాన్ని పైవాళ్లు చెరపకూడదు. సెన్సర్ లెక్క చూపి జీతం కోయబోమని యజమాని రాసివ్వాలి. ఇలాగైతే పనిదొంగలకు పట్టపగ్గాలుండవని కొందరు యజమానులు అంటారు. పన్నెండు మంది ఉన్న షెడ్డులో పనిదొంగ ఎవరో కనిపెట్టడానికి సెన్సర్లు కావాలా? ఆ రాత ఇవ్వని యూనిట్‌కు సబ్సిడీ చివరి విడతను ఆపేయాలి.