ఆ మొగ్గల నీళ్లు కంట్లో వేసుకోకండి

ఎర్రపూల చెట్టు ఫొటో, కింద "మన అడవి మోదుగ, మొగ్గలో అమృతం" అని అయిదు పాయింట్లు. అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది. మా బాబాయి "తప్పక చదువు" అంటూ విడిగా కూడా పంపారు. చదివాను బాబాయ్.

మొదటిది, అది మోదుగ కాదు. స్పాథోడియా, నర్సరీల్లో ఆఫ్రికన్ తులిప్ అంటారు. ఘనా నుంచి ఉగాండా దాకా ఆఫ్రికా అడవుల చెట్టు. అందం చూసి మన రోడ్ల పక్కన నాటారు. మోదుగకు కాడకు మూడే ఆకులు, విస్తరి కుట్టినవాళ్లనడగండి. పూసేనాటికి ఆకులు రాలిపోయి, చిలకముక్కు పూలే మిగులుతాయి. ఫొటోలోని చెట్టుకు ఈనెకు అటూ ఇటూ జతలుగా చిట్టి ఆకులు, చివర ఒంటిగా ఒకటి. పువ్వు దోసిలంత, అంచున సన్నటి పసుపు గీత. ఎండిన కాయ రెండుగా విచ్చుకుంటే లోపల పల్చటి రెక్కలతో బోలెడు గింజలు. మోదుగ కాయలో గింజ ఒక్కటే.

తూర్పున నాటితే లక్ష్మీకటాక్షం. సరే, ముందుకెళదాం.

అసలు ఒళ్లు మండింది మూడో పాయింటుకు. మొగ్గలోని నీటిని రోజూ కంట్లో వేసుకుంటే శుక్లాలు కరిగిపోతాయట, కళ్లద్దాలు పారేయొచ్చట! మొగ్గల్లో నీళ్లుండేది నిజమే. గోధుమరంగు నూగుతో వంకరగా గుత్తిగా ఉంటాయి, కొన గిల్లి నొక్కితే చిమ్ముతాయి. పిల్లలకు అదో పిచికారీ. ఆ నీళ్లు తెల్ల చొక్కా మీద పడితే మరక ఓ పట్టాన వదలదు. చొక్కాకే పడనిది కంటికెలా పడుతుందో రాసిన మహానుభావుడే చెప్పాలి. అమృతం తాగాలి గానీ కంట్లో పోసుకోమని ఏ పురాణంలో ఉంది? శుక్లాలకు ఆపరేషన్ ఒక్కటే దారి. అదే నీటికాసులైతే, ఈ చుక్కలు వేసుకుంటూ కూర్చున్నన్నాళ్లూ పోయిన చూపు మళ్లీ రాదు. ఫార్వర్డ్ చేసినవాళ్లలో ఒక్కరైనా ముందు తమ కంట్లో వేసుకున్నారా?

నాలుగోది, తేనెటీగలు వస్తాయట. వస్తాయి, ఆ పూలలోనే చస్తాయి కూడా. సొంత గడ్డ మీద ఈ పూలకు పరాగం మోసేది ముఖ్యంగా పక్షులు. బ్రెజిల్‌లోని శాంటా కటరీనా రాష్ట్రం 2019లో ఈ చెట్టు నాటడాన్నే నిషేధించింది.

అయిదోది, బీడు భూమిని పచ్చగా చేస్తుందని. ఒప్పుకోక తప్పదు. ప్యూర్టోరికోలో సాగు వదిలేసిన పొలాల్లో ఈ చెట్లే ముందు లేచాయి, వాటి నీడన అక్కడి సొంత చెట్లు మళ్లీ మొలిచాయి. కానీ ఫిజీలో ఇది రైతుకు పీడ, వేరు ముక్క మిగిలినా మళ్లీ లేస్తుంది. ప్రపంచంలో అతి చెడ్డ చొరబాటు జీవుల వంద జాబితాలో దీని పేరూ ఉంది.

కాబట్టి బాబాయ్, అయిదో పాయింటు సగం ఉంచి పంపుకోండి. ఫొటో కూడా ఉంచుకోవచ్చు, పేరు మార్చండి.